టెల్‌డిర్ ఇచ్చే అంకె: డైరెక్టరీలో చోటు గుర్తుపెట్టుకోవడం ఎందుకింత కష్టమైంది?

1979 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో ఎడిషన్‌లో డైరెక్టరీ దాదాపు మామూలు ఫైలే. ఒక్కో ఎంట్రీ సరిగ్గా 16 బైట్లు: ఐనోడ్ నంబరుకు (డిస్కులో ఆ ఫైలు వివరాలు ఎక్కడున్నాయో చెప్పే అంకె) 2, పేరుకు 14. సీ ప్రోగ్రాములు దాన్ని నేరుగా రీడ్‌తో చదివేవి. బైట్ ఆఫ్‌సెట్‌ను 16తో భాగిస్తే ఎన్నో ఎంట్రీ దగ్గరున్నామో తెలిసిపోయేది.

1983లో యూనిక్స్‌లో ఒక రకమైన 4.2 బీఎస్‌డీ పేర్లను 255 బైట్ల దాకా పెంచింది. ఎంట్రీల పొడవు ఒక్కోటి ఒక్కోలా అయింది. దాంతో డైరెక్టరీని తెరిచే ఓపెన్‌డిర్, ఒక్కో ఎంట్రీ చదివే రీడ్‌డిర్‌లతో పాటు, ఇప్పుడున్న చోటును అంకెగా చెప్పే టెల్‌డిర్, ఆ అంకె ఇస్తే తిరిగి అక్కడికే తీసుకెళ్లే సీక్‌డిర్ వచ్చాయి. చిక్కంతా ఇక్కడే మొదలైంది: లోపలి అమరిక ఎలా ఉన్నా, చోటు మాత్రం ఒక్క లాంగ్‌లో (సీ భాషలో ఒక పూర్ణాంక రకం) ఇమడాలి.

ఆ బీఎస్‌డీ కోడ్‌లో ఒక లోపం పాతికేళ్లు దాగి ఉంది. అక్కడ ఫైలు తీసేస్తే దాని జాగా ముందరి ఎంట్రీలో కలిసిపోతుంది. 512 బైట్ల బ్లాకులో అదే మొదటిదైతే కలపడానికి ముందేమీ ఉండదు, అందుకని ఐనోడ్ నంబరు సున్నా చేసి వదిలేస్తారు. సీక్‌డిరేమో బ్లాకు మొదటికెళ్లి, కోరిన చోటు వచ్చేదాకా రీడ్‌డిర్‌ను పిలిచేది. రీడ్‌డిర్ ఆ సున్నా ఎంట్రీని దాటి రెండోదాన్ని కూడా చదివేసేది. రెండోది కావాలన్నవారికి మూడోది దక్కేది. విండోస్ యంత్రాలతో ఫైళ్లు పంచుకునే సాంబాలో తలెత్తిన ఇబ్బంది మూలం వెతుకుతూ 2008లో ఓపెన్‌బీఎస్‌డీ డెవలపర్ మార్క్ బాల్మర్ దీన్ని పట్టుకున్నారు. సవరణ చిన్నదే: సీక్‌డిర్ లోపల చదివేటప్పుడు సున్నా ఎంట్రీలను దాటకూడదు.

లినక్స్‌లో కథ వేరు. ఈఎక్స్‌టీ3 ఫైల్ సిస్టమ్‌కు హెచ్‌ట్రీ (పేర్లను త్వరగా వెతికే చెట్టులాంటి అమరిక) వచ్చాక, బ్లాకు నిండి చీలినప్పుడల్లా ఎంట్రీలు చోటు మారతాయి. అందుకే పేరు హ్యాష్‌నే (పేరు నుంచి లెక్కగట్టిన అంకె) స్థానంగా ఇస్తారు. లక్ష ఫైళ్లున్న డైరెక్టరీలో 32 బిట్ల హ్యాష్ రెండు పేర్లకు ఒకటే రావడం వింతేమీ కాదు. నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఎవరు ఎక్కడిదాకా చదివారో గుర్తుంచుకోదు, క్లయింటు పంపిన కుకీనే (చోటును చెప్పే అంకె) నమ్ముతుంది. రెండు ఎంట్రీలకు ఒకే కుకీ ఉంటే క్లయింటు చదివిందే చదువుతూ తిరుగుతుంది. 2012లో ఈఎక్స్‌టీ4 64 బిట్ల హ్యాష్‌కు మారింది. అయితే పై బిట్లు ఖాళీగా ఉంటాయనుకుని తన సమాచారం అందులో పెట్టుకునే గ్లస్టర్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లను అనేక సర్వర్ల మీద పరిచే ఫైల్ సిస్టమ్) దెబ్బతింది.

కాబట్టి టెల్‌డిర్ ఇచ్చే అంకెతో లెక్కలు చేయకండి, ఏది ముందో తేల్చడానికి పోల్చకండి, డిస్కులో దాచకండి. మళ్లీ మొదటికి తెచ్చే రివైండ్‌డిర్ పిలిచాక పాత అంకెకు హామీ లేదు, డైరెక్టరీని మూసేసే క్లోజ్‌డిర్ తర్వాత అసలే లేదు. వెనక్కీ ముందుకీ వెళ్లాల్సిన పని ఉంటే స్కాన్‌డిర్‌తో పేర్లన్నీ మెమరీలోకి తెచ్చుకుని ఇండెక్స్ వాడటమే మేలు. ప్రోగ్రాము ఆగి మళ్లీ మొదలవ్వాలంటే, పేర్లను వరుసలో పెట్టి చివరగా చూసిన పేరును దాచుకోండి.