చిన్న వంటగది, పాత పద్ధతి: అపోహలు - వాస్తవాలు

"పాతకాలం వంటగది మాకూ ఇష్టమే. కానీ మాది 8 అడుగుల గది, అందులో ఏం కుదురుతుంది?" విజయనగరంలో వంటగది కట్టే పనికి నన్ను పిలిచినవారు, నేను టేపు తీయకముందే అనే మాట ఇది. మన పెంకుటిళ్ల వంటగదులు మాత్రం అంతకంటే పెద్దవా? సామాను గోడ గూళ్లలోనూ అటక మీదా ఉండేది, నేల ఖాళీగా మిగిలేది. ఇప్పుడూ అంతే చేయవచ్చు. 9 అంగుళాల గోడలో 4 అంగుళాల లోతు గూడు వస్తుంది. ఉప్పు, చింతపండు, పోపుదినుసుల డబ్బాలకు చాలు. గోడే 4 అంగుళాలదైతే నేను సుత్తి ముట్టను. బరువు మోసే గోడను అడ్డంగా పొడవునా తొలవడం కూడా తగదు.

అపోహ: పొయ్యి ఎంత కిందకు ఉంటే అంత సంప్రదాయం.

కట్టెల పొయ్యికి అది చెల్లింది. గ్యాసు పొయ్యి మాత్రం సిలిండర్ కంటే ఎత్తులో ఉండి తీరాలి. పైగా వంటగ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. కిటికీ ఒక్కటే చాలదు, నేలకు దగ్గరగా గోడలో జాలీ పెట్టించండి.

గట్టు ఎత్తు వంట చేసేవారి మోచేతిని బట్టి ఉండాలి. చెయ్యి మడిచి నిలబడితే, మోచేతికి 4, 5 అంగుళాల కింద. ఒక ఇంట్లో కొడుకు 34 అంగుళాలు కట్టమన్నాడు. వాళ్లమ్మగారు గోడ మీద నా సుద్దగీత చూసి, "నేను అట్లు పోయాలా, అటక ఎక్కాలా బాబూ?" అన్నారు. 31కి దించాం.

అపోహ: కడప రాయి వేస్తే ఇక చింత లేదు.

అది సున్నపురాయి జాతి. మా ఇంటి గట్టుకు నేనే వేసుకున్నాను. పచ్చిపులుసు ఒలికిన చోట తెల్ల మచ్చ పడింది, నేటికీ పోలేదు. అరలకైతే దాన్ని మించినది లేదు: చెద పట్టదు, తేమకు ఉబ్బదు. గట్టుకు టెక్కలి వైపు దొరికే నీలి గ్రానైటు వేయించండి, పులుపుకు చెక్కుచెదరదు.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఊళ్లో చేసే ఇత్తడి సామాను పొయ్యి పైఅరలో పేర్చితే అందమే, వారం తిరిగేసరికి నూనె జిడ్డు తోమేది మీరే. ఎదురుగోడకు పెట్టండి. లోపల కళాయి (తగరం పూత) లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిలవ ఉంచవద్దు.

ఇక రోలు. గట్టు మీద ఎక్కించమని అడుగుతారు. దంచే దెబ్బలకు పలక పగులుతుంది. నేల మీద మూలన ఉంచి, చుట్టూ నీరు తూము వైపు పారేలా కాస్త వాలు పెట్టించండి.