మోటారు ఆఫ్ కాని మెదడు

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆవిడ భర్త సాఫ్ట్‌వేర్‌లో టీమ్ లీడ్. నెలల తరబడి సరైన నిద్ర లేదు, పొద్దున్నే లాప్‌టాప్ తెరవాలంటే చేతులు వణుకుతున్నాయట. సైకియాట్రిస్టు డిప్రెషన్ అని చెప్పి, మందులతో పాటు నాలుగు వారాల సిక్ లీవ్ రాశారు. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, ఊరికే ఇంట్లో కూర్చుంటే తగ్గే జబ్బు కూడా ఉంటుందా అని వాళ్ల అత్తగారు అడుగుతున్నారట.

అత్తగారు అడిగింది మంచి ప్రశ్నే. డిప్రెషన్ లక్షణాల గురించి ఎక్కడ చూసినా రాస్తూనే ఉన్నారు కాబట్టి అవి వదిలేస్తాను. నన్ను పట్టుకున్నది ఆ నాలుగు వారాల లెక్క. శని, ఆదివారాలు హాయిగా పడుకుంటే ఎందుకు చాలదు?

టెన్షన్ వస్తే మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్ పంపుతుంది. అది మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులకు చేరి కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఇంటర్ బైపీసీలో ఈ బొమ్మనే బాణాలతో సహా బట్టీ పట్టిస్తారు. కార్టిజాల్ నుంచి వెనక్కి మెదడుకు వెళ్లే బాణం మాత్రం పిల్లలు గీసేసి మార్కులు తెచ్చుకునేదే, దాని దగ్గర ఎవరూ ఆగరు. అసలు కథంతా ఆ బాణంలోనే ఉంది.

మేడ మీద ట్యాంకుకు ఆటోమేటిక్ పెట్టించుకున్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నీళ్లు నిండగానే ఫ్లోట్ పైకి తేలుతుంది, మోటారు ఆగిపోతుంది. మన ఒంట్లో మోటారు నడిపించిన కార్టిజాలే దాన్ని ఆపిస్తుంది కూడా. హైపోథలామస్‌లో, పీయూష గ్రంథిలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో దాన్ని పట్టుకునే గ్రాహకాలున్నాయి. కార్టిజాల్ వెళ్లి వాటికి అతుక్కుంటే ఫ్లోట్ లేచినట్టే. రక్తంలో ఉన్న కార్టిజాల్ గంట, గంటన్నరలో సగానికి పడిపోతుంది. అంటే పొద్దున మీటింగులో తిన్న తిట్లకు ఎగసిన కార్టిజాల్ సాయంత్రానికల్లా సర్దుకోవాలి. ఒక్కరోజు గొడవైతే సర్దుకుంటుంది కూడా.

నెలల తరబడి మోటారు ఆడుతూనే ఉంటే గ్రాహకాలు మొద్దుబారతాయి, ఫ్లోట్ ఇరుక్కుపోతుంది. ఇక్కడో చిక్కుంది. కార్టిజాల్ జాతి హార్మోన్ ఎలుక మెదడులో ఎక్కువగా వెళ్లి చేరేది హిప్పోకాంపస్‌లోనే అని మెదడు శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌యువెన్ బృందం 1968లోనే చూపించింది. మోటారును ఆపాల్సిన భాగమే ఆ నీళ్లలో ఎక్కువగా నానుతోందన్నమాట. ఎలుకలను మూడు వారాల పాటు రోజూ కొన్ని గంటలు కదలకుండా బంధించి చూస్తే, హిప్పోకాంపస్‌లోని సీఏ3 అనే చోట నాడీకణాల కొమ్మలు కురచబారాయి. ఆపేవాడు బలహీనపడితే మోటారు ఇంకా ఆడుతుంది, అది ఆడేకొద్దీ ఆపేవాడు ఇంకా బలహీనపడతాడు.

ఫ్లోట్ పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక తమాషా పరీక్ష ఉంది. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర ఇస్తారు. అది కార్టిజాల్‌కు నకలు. అంటే ట్యాంకులో మనమే ఒక బకెట్టు నీళ్లు పోసి, మోటారు ఆగుతుందా అని చూడటమే. మామూలు మనిషిలో మర్నాడంతా కార్టిజాల్ తక్కువగా ఉంటుంది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందిలో అలా తగ్గదు. సైకియాట్రిస్టు బెర్నార్డ్ కారల్ బృందం 1981లో దీన్ని డిప్రెషన్‌కు లేబొరేటరీ పరీక్షగా ప్రతిపాదిస్తే సైకియాట్రీ ఊగిపోయింది. తర్వాత చూస్తే, డిప్రెషన్ ఉండి కూడా ఫ్లోట్ బాగానే ఉన్నవాళ్లు బోలెడుమంది. దాంతో ఆ ఉత్సాహం చల్లారింది. కాబట్టి ఈ వ్యాసం చదివి ల్యాబ్‌కు పరుగెత్తకండి. డాక్టరు మాట్లాడి, అడిగి తెలుసుకునేదే ఇప్పటికీ అసలు పరీక్ష.

ఇక నాలుగు వారాల సంగతి. మెక్‌యువెన్ కూడా భాగస్వామిగా 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద పరీక్ష కోసం నెల రోజులు తలమునకలుగా చదివిన వైద్య విద్యార్థులను ఎఫ్‌ఎంఆర్‌ఐలో (మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్) పెట్టి చూశారు. ఒక పని మీద నుంచి ఇంకో పని మీదకు దృష్టి మళ్లించడం వాళ్లకు కష్టమైంది. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు మిగతా భాగాలతో ఉండే అనుసంధానం సడలింది. పరీక్ష అయిపోయి, ఒత్తిడి తగ్గిన నెలకు మళ్లీ చూస్తే, పోల్చడానికి తీసుకున్న ఒత్తిడి లేనివాళ్లతో సమానంగా ఉన్నారు. వాళ్లు ఆరోగ్యవంతులైన కుర్రవాళ్లు, డిప్రెషన్ రోగులు కారు, ఆ తేడా మరవకూడదు. అయినా కణాల కొమ్మలు మళ్లీ సాగడానికి వారాలు పడుతుంది, సోమవారం పొద్దుటికి సాగిపోవు. ముసలి ఎలుకల్లోనైతే ప్రీఫ్రంటల్ కొమ్మలు విశ్రాంతి ఇచ్చినా సరిగా తేరుకోలేదు. నా వయసువాళ్లకు అంత సంతోషకరమైన వార్త కాదు! డిప్రెషన్ మందులు గుణం చూపడానికీ కొన్ని వారాలు పడుతుంది. డాక్టరు రాసిన లెక్కలో అదీ ఉంటుంది.

కాకపోతే లీవ్‌లో ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూస్తూ కూర్చుంటే, ఆటోమేటిక్‌ను పక్కనపెట్టి చేత్తో స్విచ్ వేసినట్టే. మోటారు ఆడటానికి మేనేజర్ ఎదురుగా ఉండనక్కర్లేదు, తలచుకుంటే చాలు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద నడిచిన వైట్‌హాల్ అధ్యయనంలో నిద్రలేచిన అరగంటలో కార్టిజాల్ ఎంత పెరుగుతోందో కొలిచారు. సెలవు రోజుకన్నా పనిరోజున ఎక్కువ పెరిగింది. అప్పటికింకా వాళ్లు ఆఫీసు గుమ్మం కూడా తొక్కలేదు.

అలాగని దుప్పటి కప్పుకుని పడుకోవడమూ వైద్యం కాదు. వేళకు లేవడం, ఎండలో నడవడం, కూరగాయలు తేవడం లాంటి చిన్న పనులను రోజుకింత అని పెట్టుకుని చేయించడం డిప్రెషన్ చికిత్సలో ఒక పద్ధతే. అత్తగారు దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, పోయేది గుప్పెడు ఉప్పు, నాలుగు మిరపకాయలు. మందు మానేయమంటే మాత్రం ఒప్పుకోకండి.

లీవ్ లెటర్‌లో చాలామంది వైరల్ ఫీవర్ అని రాసేస్తారు. నిజానికి మానసిక జబ్బుకూ శరీరానికి వచ్చే జబ్బుకూ వైద్యసేవల్లో తేడా చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మన వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కూ అందులోనే ఉంది. పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయే బర్నవుట్‌ను మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగానే లెక్కించింది. ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద ఉన్న కార్మికులకు అనారోగ్య భృతి ఏడాదికి 91 రోజుల దాకా, జీతంలో 70 శాతం చొప్పున వస్తుంది. దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంటే, షరతులకు లోబడి, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది. స్కిజోఫ్రెనియాతో పాటు ‘ఎండోజీనస్ డిప్రెషన్’ కూడా ఆ జాబితాలో ఉంది. అంటే బయటి కారణమేమీ లేకుండా లోపలి నుంచే పుట్టుకొచ్చేది. డిప్రెషన్‌ను లోపలిది, బయటిది అని అలా విడగొట్టడం అమెరికన్ సైకియాట్రీ వర్గీకరణలో 1980లోనే పోయింది. మిషన్ దగ్గర పన్నెండు గంటలు నిలబెట్టినందుకు ఫ్లోట్ ఇరుక్కుపోయిన మనిషి ఆ మాట కిందకు వస్తాడో రాడో డాక్టరు తేల్చాల్సి రావడం అన్యాయం. ఆ జాబితాను ముందు సవరించాలి.