సెల్ఫ్ తీసుకోవట్లేదా? బ్యాటరీ మార్చే ముందు: అపోహలు, వాస్తవాలు

కారు స్టార్ట్ కాలేదంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: సెల్ఫ్ తిరుగుతోందా, లేదా? తిరగకపోతే బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటార్ చూడాలి. చురుగ్గా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది. ఈ తేడా చూడకపోవడం వల్లే బాగున్న బ్యాటరీలు చాలా మారిపోతుంటాయి.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది. బ్యాటరీకి ఏం కాలేదు.

వాస్తవం: మామూలు హాలోజెన్ హెడ్‌లైట్లు రెండూ కలిపి లాగేది 10 ఆంపియర్ల దాకా. చిన్న పెట్రోలు కారు సెల్ఫే 100 ఆంపియర్లకు అటూఇటూగా లాగుతుంది, డీజిల్ బండిది ఇంకా ఎక్కువ. బిందె నిండినంత మాత్రాన ఆ బోరు మడి తడుపుతుందని కాదు కదా.

రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున్నే బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెట్టండి. 12.6 వోల్టులుంటే ఫుల్ చార్జి, 12.2 అంటే సగం, 12 కన్నా తగ్గితే అడుగంటినట్టే. అసలు పరీక్ష ఆ తర్వాతే. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మీటర్ చూడండి. 9.6 కిందికి జారితే బ్యాటరీని బయట చార్జి చేసి మళ్లీ చూడాలి. అప్పుడూ జారితే దాని పని అయిపోయిందనుకోవచ్చు.

మీటర్ లేదా? హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీనో టెర్మినళ్లో అనుమానించాలి. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, చప్పుడు కూడా రాకపోతే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్లట్లేదు. ఫ్యూజ్, రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్), క్లచ్ పెడల్ స్విచ్ చూడండి. ఆటోమేటిక్ అయితే లివర్‌ను పి నుంచి ఎన్‌కి మార్చి మళ్లీ కొట్టండి.

అపోహ: టకటకమందంటే సెల్ఫ్ మోటార్ పోయినట్టే.

వాస్తవం: వరసగా టకటకమంటుంటే సోలినాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పట్టుకుంటూ వదిలేస్తూ ఉందని అర్థం. పట్టి ఉంచేంత వోల్టేజీ అందట్లేదు, మోటార్ మీద నింద వేయకండి. ఒక్కసారే గట్టిగా 'టక్' మని ఆగితే లోపలి కాంటాక్టులు గానీ, కార్బన్ బ్రష్‌లు గానీ అరిగి ఉండొచ్చు. అప్పుడు కూడా ముందు చూడాల్సింది టెర్మినళ్లనే. బిగుతుగా కనిపించినంత మాత్రాన నమ్మొద్దు. మీటర్ ఒక కొస బ్యాటరీ పోస్టు (పైకి పొడుచుకొచ్చిన సీసపు మొట్టు) మీద, రెండోది దాన్ని పట్టుకునే వైరు క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. రీడింగ్ దాదాపు సున్నా ఉండాలి. 0.2 వోల్టులు దాటితే అక్కడే కరెంటు ఆగుతోంది. నెగటివ్ పోస్టుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య కూడా ఇలాగే చూస్తే ఎర్త్ వైరు సంగతి తేలుతుంది. తెల్లగా, పచ్చగా పూత కడితే ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లలో కలిపిన వంటసోడాతో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దండి. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న.

అపోహ: జంప్ స్టార్ట్ చేసి (వేరే బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేసి) పది నిమిషాలు తిప్పితే బ్యాటరీ నిండుతుంది.

వాస్తవం: మళ్లీ ఒకసారి స్టార్ట్ అయ్యేంత రావచ్చు, అంతే. ఖాళీ అయిన బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగితే ఇంకా ఆలస్యం. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపిస్తుంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) చార్జి చేస్తున్నట్టే. దాన్ని పరీక్షించడానికి నడుస్తున్న ఇంజన్ మీద టెర్మినల్ పీకే పాత అలవాటు మాత్రం మానుకోండి. ఒక్కసారిగా ఎగసిన వోల్టేజీ ఈసీయూను (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ను) కాల్చేయగలదు.

అపోహ: ఏ బండైనా తోస్తే స్టార్ట్ అవుతుంది.

వాస్తవం: ఆటోమేటిక్‌లు కావు. మాన్యువల్ అయినా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ట్యాంకు నుంచి పెట్రోలు తోడే పంపు, ఈసీయూ పనిచేయవు.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోంది కదా, కొడుతూ ఉంటే ఎప్పటికో అందుకుంటుంది.

వాస్తవం: ఒక్కోసారి 10 సెకన్లు మించొద్దు, మధ్యలో అరనిమిషం ఆగండి. ఆ వ్యవధిలో చెవి పెట్టండి. కీ ఆన్ చేయగానే చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు 'జుయ్' మని పంపు చప్పుడు వస్తుంది. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడండి. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు మిణుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే ఎలక్ట్రానిక్ తాళం) కీని గుర్తుపట్టలేదు, రెండో కీతో ప్రయత్నించండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే మొండికేసి, చల్లారాక స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని ఈసీయూకు తెలిపేది) మీద అనుమానం పెట్టుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లూ మామూలే. సెల్ఫ్ ఎప్పటికన్నా తేలిగ్గా, బరువే లేనట్టు గిర్రున తిరిగితే మాత్రం వెంటనే ఆపండి. టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో లయలో నడిపే బెల్టు) తెగి ఉండొచ్చు. చాలా ఇంజన్లలో అలాంటప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి.

అపోహ: వరదలో మునిగిన కారును నీళ్లు తీయగానే స్టార్ట్ చేసి చూడాలి.

వాస్తవం: 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి బండికి అస్సలు సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండర్‌లో చేరిన నీరు నొక్కుకుపోదు, దాంతో పిస్టన్‌ను పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వీలైతే బ్యాటరీ నెగటివ్ తీసేసి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఫొటో తీసి, టోయింగ్ చేయించండి. ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి చూశాకే మిగతా పని. నీటిలో సెల్ఫ్ కొట్టడం వల్ల పాడైన ఇంజన్‌కు, ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు పాలసీలో సాధారణంగా క్లెయిమ్ రాదు.