మన క్లాసులో పిసినారి ఎవరు?

మాది 1996-97 పదో తరగతి. నవంబరు 6 రాత్రి తుపాను వచ్చి కోనసీమలో కొబ్బరిచెట్లను చాపచుట్టినట్టు పడగొట్టిన ఏడాది అది. అందుకే మా ఊళ్ళో ఇప్పటికీ మమ్మల్ని తుపాను బ్యాచ్ అంటారు. వచ్చే సంక్రాంతికి ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుంటున్నాం. ఫ్లెక్సీల పని ఒకడికి, భోజనాలు ఒకడికి, మాస్టార్ల శాలువాలు ఇంకొకడికి అప్పజెప్పి, సావనీరు నా నెత్తిన పడేశారు.

"పెద్దగా ఏం వద్దురా. ఒక్కొక్కరి పేరు కింద ఒక్క ముక్క రాయి, అప్పట్లో వాడెలాంటివాడో. నీకు సైన్సూ అదీ తెలుసు కదా" అన్నాడు కన్వీనర్. దీనికీ సైన్సుకీ ఏం సంబంధంరా అని నవ్వాను. ఆ రాత్రే సంబంధం తెలిసొచ్చింది.

తెల్లకాగితం ముందేసుకుని పేర్లు రాయడం మొదలుపెట్టాను. మేం మొత్తం 54 మందిమి. గంటసేపు కుస్తీ పట్టినా 27 దగ్గర బండి ఆగిపోయింది. అప్పుడు బీరువాలోంచి గ్రూప్ ఫోటో తీశాను. మొహం మీద వేలు పెడితే చాలు, పేరు దానంతటదే ఊడిపడింది. ముగ్గురే మిగిలారు.

నాకు మతిమరుపు వచ్చిందేమోనని పెట్టుకున్న టెన్షన్ దీంతో తీరింది. ఎందుకంటే ఇలాగే జరగాలి. హ్యారీ బారిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మరో ఇద్దరితో కలిసి 1975లో 392 మందిని పరీక్షించాడు. వాళ్ళలో మొన్న మొన్న హైస్కూలు వదిలినవాళ్ళ దగ్గర్నుంచి, వదిలి అర్ధశతాబ్దం కావస్తున్నవాళ్ళ దాకా ఉన్నారు. ఎవరి బడి వార్షిక పుస్తకంలోని ఫోటోలు వాళ్ళకే చూపించాడు. పదిహేనేళ్ళు గడిచినా మొహాలనూ పేర్లనూ నూటికి తొంభై దాకా గుర్తుపట్టారు. ఏ ఆసరా లేకుండా పేర్లు చెప్పమంటే మాత్రం అదే పదిహేనేళ్ళకు అరవై, 48 ఏళ్ళకు ముప్ఫై. గుర్తుపట్టడం ఒక పని, గుర్తు తెచ్చుకోవడం ఇంకో పని. రెండూ ఒకటే అనుకుని పిల్లల్ని "చదివిందే మర్చిపోతావా" అని బాదిన మాస్టార్లు ఎందరో. ఇప్పుడు శాలువాలు వాళ్ళకే.

పేర్లకు ఇంకో తిప్పలు కూడా ఉంది. ఒకాయన ఇంటిపేరు కరణం అని చెప్పండి, వారానికి మర్చిపోతాం. ఆయన ఒకప్పుడు ఊరి కరణం అని చెప్పండి, గుర్తుంటుంది. మాట అదే. వృత్తి అయితే కచేరీ, దస్త్రాలు, శిస్తు గొడవలు అన్నీ కలిసి పట్టుకుంటాయి. ఇంటిపేరును పట్టుకునేదేమీ లేదు. ఇంగ్లీషువాళ్ళు ఇదే మాట బేకర్ అనే ఇంటిపేరుతో చెబుతారు.

అసలు వింత పేర్ల దగ్గర కాదు, పక్క గడి దగ్గర. పేరు రాయడమే ఆలస్యం, "ఎలాంటివాడు" అన్న గడిలో మాట దానంతటదే వచ్చి పడింది. మొండి. భయస్తుడు. కోతలరాయుడు. పిసినారి. నిమిషానికి నలుగురి లెక్కన నింపేశాను. తర్వాత బుద్ధి పుట్టి మూడో గడి గీశాను: "ఏం చేశాడు?" అందులో పెన్ను కదల్లేదు. భయస్తుడు దేనికి భయపడ్డాడు? తెలియదు. మొండివాడు ఎవరితో మొండికేశాడు? తెలియదు. 54 మందిలో పట్టుమని పది సంఘటనలు రాయలేకపోయాను.

ఇక్కడ నాకు అమ్మమ్మగారింటి అటక గుర్తొచ్చింది. కొబ్బరి దింపు అయ్యాక బాగా ముదిరిన కాయలను పీచు డొక్కతోనే అటక మీదకు ఎక్కించేవారు. కురిడీ కోసం, అంటే చిప్పలోనే గుండుగా ఎండిన కొబ్బరి కోసం. కింద పొయ్యి సెగ, పైన పెంకుల వేడి. ఏడాది దగ్గర దగ్గర అలా పడుండేవి. మధ్యలో అమ్మమ్మ నిచ్చెనెక్కి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపేది. నాకూ ఇచ్చేది. మొదట్లో లోపల నీళ్ళు బొళక్ బొళక్ మనేవి. కొన్ని నెలలకు నీళ్ళు ఇంకిపోయి ఏ చప్పుడూ ఉండేది కాదు. ఇంకా ఆగితే ముక్కలోని తడి కూడా పోయి, ముక్క కుంచించుకుపోయి, చిప్పను వదిలేసి గుండ్రంగా లోపలే దొర్లేది. అప్పుడు ఊపితే గటగటా అని మోత. కురిడీ తయారైందన్నమాట. పేపర్లో అంబాజీపేట మార్కెట్ ధరల్లో "గండేరా", "గటగటా" అని కురిడీ రకాల పేర్లు చూస్తే నాకు ఇప్పటికీ ఆ అటకే వినబడుతుంది.

నా రెండో గడి నిండా కురిడీలే. వాడు ఏ రోజు, ఎవరితో, ఏ చెట్టు కింద ఏం చేశాడన్నది నీళ్ళు. అది ఇంకిపోయింది. వాడెలాంటివాడన్న మాట ముక్క. అది చిప్పను కూడా వదిలేసి విడిగా దొర్లుతోంది. ఊపితే మోగుతుంది. నీళ్ళున్న కాయ కంటే గట్టిగా మోగుతుంది, తిరకాసంతా అక్కడే ఉంది.

ఇది పోలిక కోసం చెప్పే మాట కాదు. ముక్క నిజంగానే విడిపోతుందని చూపించిన ప్రయోగాలున్నాయి. కాస్త ఓపిక పట్టండి, ఈ పేరా గట్టిది. స్టాన్లీ క్లైన్, జూడిత్ లాఫ్టస్ అనే పరిశోధకులు ఒక గుణం పేరు చూపించి మొదట "ఇది మీకు సరిపోతుందా?" అని అడిగారు. వెంటనే, "ఆ గుణం మీరు చూపించిన ఒక సంఘటన గుర్తుచేసుకోండి" అన్నారు. మొదటి ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడే మనసు పాత సంఘటనలను తడిమి ఉంటే, రెండో పని తొందరగా తెమలాలి. అప్పటికే నడిచిన దారి కదా. పోల్చడానికి కొన్నిసార్లు మొదటి ప్రశ్న బదులు ఆ మాటకు అర్థం మాత్రమే చెప్పమన్నారు. కాలం కొలిస్తే తేడా లేదు. అంటే "నేను జాలిగలవాణ్ణా?" అన్నదానికి మనసు సంఘటనల గదిలోకి వెళ్ళనే లేదు. తయారుగా ఉన్న మాటను తీసి ఇచ్చేసింది. ఇతరుల విషయంలోనూ 1994లో క్లైన్, జెఫ్రీ షెర్మన్ చూపించింది ఇదే. కొత్త మనిషి గురించి ఒకటి రెండు పనులే తెలిసినప్పుడు ఆ పనులను తవ్వి జవాబు చెబుతాం. పనులు ఎక్కువయ్యేకొద్దీ వాటి సారం ఒక మాటగా గడ్డకట్టి, పనులతో అవసరం లేకుండా బతుకుతుంది.

ఇంకా గట్టి సాక్ష్యం కెనడాలో ఉండేవాడు. కెంట్ కాక్రేన్, పరిశోధన పత్రాల్లో కె.సి. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతిని, తన జీవితంలోని ఒక్క సంఘటన కూడా గుర్తు తెచ్చుకోలేని స్థితికి వచ్చాడు. ప్రమాదం తర్వాత అతని స్వభావం కూడా మారింది. పరిశోధకుడు ఎండెల్ టుల్వింగ్ బృందం "నువ్వెలాంటివాడివి?" అని గుణాల పట్టీ ఇస్తే, అతను గుర్తులు పెట్టిన తీరు ఇప్పటి అతని గురించి వాళ్ళమ్మ పెట్టినదానితో సరిపోయింది. ఒక్క చుక్క నీళ్ళు లేవు, ముక్క మాత్రం ఉంది. అదీ కొత్త ముక్క!

చిన్న ఒప్పుకోలు. మా క్లాసులో 23 మంది ఆడపిల్లలు. వాళ్ళలో పదిహేడుగురి ఎదుట "నెమ్మదస్తురాలు" అని రాశాను. అది కురిడీ కాదు. ముక్కే పట్టని కాయ. ఆ రోజుల్లో మా బడిలో ఆడపిల్లలతో మాట్లాడితే ఊరంతా తెలిసేది. హాజరు పిలిచినప్పుడు వినబడ్డ గొంతు తప్ప వాళ్ళ గురించి నాకేం తెలుసు? వాళ్ళు మా వైపు చూసి ఏం రాసుకున్నారో.

సరే, పిసినారి దగ్గరకు వద్దాం. వాడు ఏం చేసి పిసినారి అయ్యాడని వాట్సాప్ గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో మూడు కథలు వచ్చాయి. ఒకడు జీళ్ళు దాచుకుని తిన్నాడన్నాడు. ఇంకొకడు తుపాను సాయం బియ్యంలో చందా ఇవ్వలేదన్నాడు. మూడోవాడు సైకిల్ పంపు అన్నాడు. సాయంత్రానికి తమాషా జరిగింది. పొద్దున "నాకేం గుర్తులేదు" అన్నవాడే "అవునవును, జీళ్ళు! నేనూ చూశాను" అన్నాడు. రోడిగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2001లో దీన్ని జ్ఞాపకాల అంటువ్యాధి అంది. పక్కవాడు చెప్పిన తప్పు వివరాన్ని మన కళ్ళతో చూసినట్టే తర్వాత గుర్తుచేసుకుంటాం. 1996 తుపానుకు అమ్మమ్మ ఇంటి పెంకులు లేచిపోయి అటక మీది కురిడీలు తడిశాయి. తడిసిన కురిడీ మళ్ళీ నీళ్ళకాయ కాదు. బూజు పడుతుంది. మా గ్రూపులో ఆ సాయంత్రం బూజే పట్టింది.

ఆ గొడవలో పాత ట్రంకుపెట్టె తెరిచి నా ఆటోగ్రాఫ్ పుస్తకం తీశాను. గులాబీ రంగు కాగితం, అట్ట మీద రెండు హంసలు. పదకొండో పేజీలో పిసినారి దస్తూరి, వంకర వంకరగా: "రీఫిలు అడిగితే అయిపోయిన రీఫిలు ఇచ్చిన మహా పిసినారికి, నీ మిత్రుడు." నాకు! వెంటనే కన్వీనర్‌కు ఫోన్ చేసి వాడి పుస్తకం కూడా వెతికించాను. "బజ్జీలో సగం కూడా పెట్టని పిసినారికి" అని ఉందట. అదీ మా పిసినారి రాసిందే. అంటే మావాడు పిసినారి కాదు. కనబడ్డవాణ్ణల్లా పిసినారి అన్నవాడు.

దీనికీ ఒక ప్రయోగం ఉంది, నాకు మహా ఇష్టమైనది. ముందు 1984 నాటి పరిశోధకులు విన్టర్, ఉలెమన్‌ల సంగతి చెప్పాలి. "బంట్రోతు ముసలమ్మ సంచీని పంటు రేవు దాకా మోసుకెళ్ళాడు" లాంటి వాక్యం చదివితే చాలు, ఎవరూ అడగకుండానే మనసు "సాయం చేసే మనిషి" అని చీటీ రాసేస్తుంది. తర్వాత ఆ వాక్యం గుర్తు రావడానికి ఆ చీటీయే ఆసరా అవుతుంది. మరి ఆ చీటీ ఎక్కడ అంటుతుంది? 1998లో స్కోరోన్‌స్కీ, కార్ల్‌స్టన్ మరో ఇద్దరితో కలిసి చూశారు. ఒకాయన ఫోటో, పక్కన ఆయన ఇంకెవరి గురించో చెప్పిన మాట ఇచ్చారు. వాడు కుక్కను తన్నాడు అనో ఏదో. కొన్నాళ్ళ తర్వాత అడిగితే, చెప్పిన ఆయనే కాస్త క్రూరుడిలా ఉన్నాడన్నారు జనం. చీటీ అంటాల్సిన వీపు వదిలేసి, ఎదురుగా ఉన్న మొహానికి అంటుకుంది. ఊళ్ళో చాడీలు చెప్పేవాడికి చెడ్డపేరు రావడం ధర్మం అనుకుంటాం గానీ, అందులో సగం ఈ జిగురు పనే.

మావాడు పదో తరగతంతా పిసినారి, పిసినారి అంటూ తిరిగాడు. 28 ఏళ్ళు అటక మీద ఎండాక మాకు మిగిలింది వాడి మొహం, ఆ మాట.

ఈ సంగతంతా చెబితే కన్వీనర్ జడిసిపోయాడు. "ఎందుకొచ్చిన గొడవరా, అందరికీ స్నేహశీలి, పైకి గంభీరం, మనసు వెన్న అని రాసెయ్" అన్నాడు. వాడికి తెలియదు గానీ అది బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కిటుకు. ఆయన 39 మంది విద్యార్థులకు వాళ్ళ వాళ్ళ స్వభావం ఇదీ అని తలో కాగితం ఇచ్చి మార్కులు వేయమన్నాడు. సగటున అయిదుకు నాలుగు పైనే వేశారు. అందరి కాగితాల్లోనూ ఉన్నది ఒకటే. వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరాడు. 1949లో అచ్చయింది ఇది. పంచాంగం ముందేసుకుని రాశిని బట్టి స్వభావం చెప్పేవాళ్ళకు అప్పటికే తెలిసిన విద్యే. మా బడి టీసీలోనూ అంతే. నడవడిక: సంతృప్తికరం. 54 మందికీ సంతృప్తికరమే, హెడ్మాస్టారి సైకిలు గాలి తీసినవాడితో సహా.

అంత మాటన్నాను గానీ మాస్టార్లు కుదురుగా కూర్చుని స్వభావం రాసిన చోటు కూడా ఉంది. స్కాట్లాండ్‌లో 1950లో 1208 మంది పద్నాలుగేళ్ళ పిల్లలకు ఆత్మవిశ్వాసం, పట్టుదల లాంటి ఆరు గుణాల్లో మార్కులు వేశారు. వాళ్ళలో 174 మందిని 77 ఏళ్ళ వయసులో మళ్ళీ పట్టుకుని, వాళ్ళ చేతా, వాళ్ళను బాగా ఎరిగినవాళ్ళ చేతా అవే గుణాలకు మార్కులు వేయించారు. రెంటికీ పొంతన దాదాపు లేదు. ఫలితం 2016లో వచ్చింది. వేసినవాళ్ళు వేరు కదా, అదీ ఒక కారణం కావచ్చని పరిశోధకులే అన్నారు. అయినా 63 ఏళ్ళంటే మాటలా? సంక్రాంతికి నేను కలవబోయే భయస్తుడు ఇప్పుడు భీమవరంలో రొయ్యల చెరువులు చేస్తున్నాడు. రొయ్యల చెరువులు భయస్తులు చేసే పని కాదు.

నిన్న మస్కట్‌కు ఫోన్ చేశాను. పిసినారి అక్కడే ఉన్నాడు, ఏసీలు బిగిస్తాడు.

"ఏరా, సావనీర్లో నీ గురించి ఏం రాయమంటావు?"

"ఏదోటి రాయరా. నీ ఇష్టం."

ఆటోగ్రాఫ్ చదివి వినిపించాను. పగలబడి నవ్వాడు. "నేను రాశానా? నిన్నా? ఛ, నువ్వు పిసినారివేంట్రా! మన క్లాసులో ఏదడిగినా ఇచ్చేవాడివి నువ్వొక్కడివే."

"ఏం ఇచ్చేవాణ్ణిరా?"

అటు నుంచి కాసేపు ఏదో ఫ్యాను చప్పుడే వినబడింది.

"ఏమోరా. ఇచ్చేవాడివి, అంతే."