దుప్పటి పీలిక మీద రాసిన మొర: జడ్జి డీ కథల వెనక చరిత్ర

ప్రాచీన చైనాలో జరిగే అపరాధ పరిశోధన నవలలు అనగానే చాలా దేశాల పాఠకులకు ముందు గుర్తొచ్చే పేరు జడ్జి డీ. డచ్ దౌత్యవేత్త రాబర్ట్ వాన్ గులిక్ 1950, 60 దశకాల్లో ఇంగ్లీషులో రాసిన ఆ నవలల్లో డీ ఒక జిల్లాకు మేజిస్ట్రేటు. ఫిర్యాదు తీసుకునేదీ, హత్య జరిగిన చోటికి వెళ్లి చూసేదీ, శవపరీక్ష చేయించేదీ, కచేరీలో సాక్షులను విచారించి తీర్పు చెప్పేదీ ఆయనే. చక్రవర్తుల కాలపు చైనాలో జిల్లా అధికారి చేతుల్లో ఈ పనులన్నీ నిజంగానే ఉండేవి. వాటి చివర ఇంకో మెట్టు కూడా ఉండేది: సాధారణంగా నిందితుడు తన నోటితో నేరం ఒప్పుకుంటేనే కేసు ముగిసినట్టు లెక్క. ఒప్పుకోనివాణ్ణి కొట్టించే అధికారం చట్టమే ఇచ్చింది. దెబ్బలు ఎన్ని మించకూడదో కూడా చట్టమే చెప్పింది. ఈ కథల పూర్వరంగాన్ని ఆనవాళ్లు, ఆధారాల వైపు నుంచి చెప్పడం రివాజు. ఒప్పుకోలు వైపు నుంచి చూస్తేనే అది సరిగా అర్థమవుతుందని నా నమ్మకం.

అసలు డీ, అంటే డీ రెన్‌జియే (630–700), తాంగ్ వంశ కాలంలో పైకొచ్చిన అధికారి. రాజధానిలోని ఉన్నత న్యాయస్థానంలో పనిచేస్తూ ఒక్క ఏడాదిలో 17,000 మందికి సంబంధించి నిలిచిపోయిన కేసులను తేల్చాడనీ, అన్యాయం జరిగిందని ఒక్కరూ మొర పెట్టుకోలేదనీ తాంగ్ చరిత్ర గ్రంథం రాసింది. అయితే అదే గ్రంథం ఆయన గురించి వివరంగా చెప్పే నేర విచారణలో ఆయన న్యాయాధికారి కాదు, నిందితుడు.

692లో, సామ్రాజ్ఞి వూ జెతియన్ పాలనలో, రాజద్రోహం ఆరోపణ మీద మంత్రిగా ఉన్న డీని పట్టుకున్నారు. విచారించినవాడు లై జున్‌చెన్. లేని నేరాలను ఎలా అల్లాలో నేర్పే పుస్తకం రాసినవాడిగా అపకీర్తి మూటగట్టుకున్న మనిషి. మొదటి ప్రశ్నకే ఒప్పుకున్నవాళ్లకు మరణశిక్ష తప్పే వీలుండేది. డీ వెంటనే ఒప్పేసుకున్నాడు. కాపలా కాస్త సడలాక దుప్పటిలోంచి పట్టుగుడ్డ పీలిక చింపి, దాని మీద తన మొర రాసి, దూది కోటు లోపల పెట్టాడు. ఎండలు ముదిరాయి, దీన్ని మా ఇంటికి పంపి దూది తీయించండి అని అధికారిని అడిగాడు. కొడుకు కుట్లు విప్పి ఆ పీలికను చూసి, సామ్రాజ్ఞి దర్శనానికి పరుగెత్తాడు. ఎందుకు ఒప్పుకున్నావని ఆమె డీని అడిగితే, ఒప్పుకోకపోతే ఈపాటికి కొరడా దెబ్బలకే చచ్చిపోయి ఉండేవాణ్ణి అన్నాడు. ప్రాణం దక్కింది, మంత్రి పదవి పోయింది. పెంగ్‌జె అనే జిల్లాకు మేజిస్ట్రేటుగా పంపారు. తర్వాత ఆయన మళ్లీ మంత్రి అయ్యాడు.

జనం నోట కథానాయకుడైనవాడు మాత్రం మూడున్నర శతాబ్దాల తర్వాతి సోంగ్ కాలపు బావో జెంగ్ (999–1062). లంచాలు అందని చోట యముడూ బావో ముసలాయనా ఉన్నారని రాజధాని కైఫెంగ్‌లో చెప్పుకునేవారు. ఆ యముడు మన యముడే. బౌద్ధంతో పాటు చైనా చేరి యాన్‌లువో అయ్యాడు. బావో గురించి వందల కథలు పుట్టినా, సోంగ్ చరిత్రలో ఆయన విప్పినట్టు రాసిన చిక్కు ఒక్కటే. ఎవరో తన ఎద్దు నాలుక కోసేశారని ఒక రైతు వచ్చి మొత్తుకున్నాడు. ఇంటికి పోయి ఎద్దును కోసి మాంసం అమ్ముకో అన్నాడు బావో. సొంతంగా ఎద్దును వధించడం ఆ రోజుల్లో నేరం. కొద్దిరోజుల్లో ఒకడు వచ్చి ఆ రైతు మీద ఫిర్యాదు చేశాడు. నాలుక కోసింది చాలక మళ్లీ వాడి మీదే ఫిర్యాదు కూడానా అని బావో అడగ్గానే వాడు బిత్తరపోయి ఒప్పుకున్నాడు. మన మర్యాద రామన్న తీర్పులు వింటూ పెరిగినవాళ్లకు ఈ యుక్తి కొత్తగా అనిపించదు.

1247లో సోంగ్ సీ అనే న్యాయాధికారి శవపరీక్షల మీద రాసిన గ్రంథంలోని ప్రసిద్ధ ఘట్టమూ ఇలాగే ముగుస్తుంది. కొడవలి గాయాలతో ఒకడు చనిపోతే, విచారణాధికారి ఊళ్లోని 70, 80 కొడవళ్లు తెప్పించి నేల మీద పరిపించాడు. ఎండాకాలం. ఈగలన్నీ ఒక్క కొడవలి మీదే ముసిరాయి. కడిగినా నెత్తుటి వాసన పోలేదని అధికారి చెప్పాక దాని యజమాని తల నేలకు కొట్టుకుని ఒప్పుకున్నాడు. ఈగలు దొంగను పట్టించినా, కేసును ముగించింది ఆ మనిషి మాటే.

తర్వాత వచ్చిన మింగ్, చింగ్ రాజవంశాల కాలాల్లో ఇలాంటివి 'గోంగాన్' కథలుగా అచ్చయ్యాయి. కచేరీ బల్ల అనీ, కేసు అనీ ఆ మాటకు అర్థం. వీటిలో హంతకుడెవరో పాఠకుడికి తరచు మొదట్లోనే తెలిసిపోతుంది. న్యాయాధికారి వాణ్ణి ఎలా ఒప్పిస్తాడన్నదే ఉత్కంఠ. డీ మీద చింగ్ కాలపు అజ్ఞాత రచయిత రాసిన 64 అధ్యాయాల నవలలో, భర్తను చంపిన ఒక స్త్రీ ఎన్ని హింసలు పెట్టినా నోరు విప్పదు. చివరికి డీ తన కచేరీనే యమసభలా అలంకరించి, తానే యముడిగా కూర్చుని ఆమె చేత నిజం చెప్పిస్తాడు. కొరడాకు భయపడి ఒప్పుకున్న మనిషిని తర్వాతి తరాలు కొరడా పట్టిన న్యాయాధికారిగా ఊహించుకున్నాయన్నది నన్ను కలచివేసే విషయం. అయినా ఆ పాఠకులను తప్పుపట్టలేను. కచేరీ మెట్లెక్కాలంటేనే వణికే జనానికి, కొట్టినా సరైనవాణ్ణే కొట్టే అధికారి ఒకడుంటాడన్న ఊహే పెద్ద ఓదార్పు.

ఈ నవలలోని మొదటి 30 అధ్యాయాలనే వాన్ గులిక్ అనువదించి 1949లో టోక్యోలో సొంతంగా అచ్చు వేయించాడు. మిగతాది వేరే చేతి రాత అని ఆయన అభిప్రాయం. పాశ్చాత్య డిటెక్టివ్ కథలను అనుకరిస్తున్న చైనా, జపాన్ రచయితలకు వాళ్ల సొంత నిధి చూపించాలని ఆయన కోరిక. అందుకే తానే రాసిన తొలి నవల 1951లో ముందు జపనీస్‌లో వెలువడింది. ఆ ఏళ్లలోనే కొంతకాలం ఢిల్లీలోని డచ్ రాయబార కార్యాలయంలో పనిచేశాడు. చైనా, జపాన్‌లలో సంస్కృత అధ్యయన చరిత్ర మీద ఆయన రాసిన పుస్తకం 1956లో నాగపూర్‌లో అచ్చయింది. 1211 నాటి చైనా కేసుల సంకలనాన్ని అదే ఏడాది ఇంగ్లీషులోకి తెచ్చాడు.

నవలల్లో ఆయన హంతకుణ్ణి చివరిదాకా దాచాడు, దయ్యాలను పలచన చేశాడు, కచేరీలోని హింసను బాగా తగ్గించాడు. బొమ్మలు తానే గీశాడు. వాటిలో దుస్తులు తాంగ్ కాలానివి కావు, మింగ్ కాలానివి. ఆ సంగతి వెనకమాటలో దాచకుండా చెప్పాడు. ఆ నిజాయితీని గౌరవిస్తూనే అంటున్నాను: దుస్తుల తేడా చిన్నది, ఒప్పుకోలు పక్కకు జరగడం పెద్దది. హంతకుడెవరన్న ప్రశ్న ముందుకొచ్చేసరికి, తప్పుడు అధికారి చేతిలో పడితే ఏమవుతామన్న పాత భయం కథలోంచి చాలావరకు తప్పుకుంది.

ఆ భయం ఇటీవల తెర మీద మళ్లీ కనిపించింది. 2010లో హాంకాంగ్ దర్శకుడు త్సుయి హార్క్ తీసిన సినిమాలో డీ మనకు మొదట కనిపించేది కచేరీలో కాదు, సామ్రాజ్ఞిని ఎదిరించినందుకు పడ్డ జైల్లో.