ఇంట్లో గాలి ఆడాలంటే: ఒంగోలు, నెల్లూరు వైపు వినిపించే అపోహలు, వాస్తవాలు

ఇళ్ల ప్లాన్లు గీసి, దగ్గరుండి కట్టించడం నా పని. ఒంగోలు నుంచి కావలి, నెల్లూరు దాకా ఎక్కడికెళ్లినా ఈ మాటలే వింటుంటాను.

అపోహ: పెద్ద కిటికీ పెట్టించాం, ఇక గాలికి కొదవలేదు.
వాస్తవం: వచ్చిన గాలికి పోయే దారి కూడా ఉండాలి. గది తలుపు మూసి, కిటికీ దగ్గర అగరుబత్తి వెలిగించి చూడండి. పొగ అక్కడక్కడే తారాడుతుంది. ఎదురుగా ఉన్న కిటికీనో తలుపునో తీస్తే చాలు, పొగ అటు వంగిపోతుంది. తేమ, వేడి రెండూ ఉండే ప్రాంతాల్లో తలుపులు కాకుండా కిటికీలు, వెంటిలేటర్లు కలిపి నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. అంటే 10×12 గదికి 20 చదరపు అడుగులు. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ తెరుచుకునేది సగమే. అది మర్చిపోవద్దు. పైన వెంటిలేటర్ దండగని తీసేయించకండి, పైకి చేరిన వేడిగాలి పోయేది దాంట్లోంచే.

అపోహ: ఏసీ ఉందిగా, కిటికీలతో పనేంటి?
వాస్తవం: మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. ఫ్యానూ అంతే. నలుగురు పడుకునే గదైతే తలుపు కాస్త ఓరగా ఉంచి, పొద్దున్నే కిటికీలన్నీ తీయండి.

అపోహ: ఎండాకాలం రోజంతా కిటికీలు తీసే ఉంచాలి.
వాస్తవం: రోహిణి కార్తెలో పడమటి వడగాలి కొడుతుంటే మూసేయడమే మేలు. గాలి తూర్పుకు తిరిగి సముద్రం వైపు నుంచి చల్లగా రావడం మొదలయ్యాక తీయండి, రాత్రంతా తీసే ఉంచండి. దోమలకు మెష్ ఉండనే ఉంది.

అపోహ: వానల్లో అన్నీ మూసేస్తే ఇంట్లోకి చెమ్మ రాదు.
వాస్తవం: వంట ఆవిరి, ఇంట్లో ఆరేసిన తడిబట్టలు, మన ఊపిరి, ఈ చెమ్మంతా లోపల పుట్టేదే. నవంబరు వానలయ్యాక బీరువా జరిపి చూడండి, వెనక గోడ మీద నల్లటి బూజు కనిపిస్తుంది. బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందు వదలండి. వాన తెరిపిచ్చినప్పుడల్లా కిటికీలు తీయండి.

అపోహ: స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉన్నా ఏం కాదు.
వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టేస్తారు. మూసిన గదిలో మంట మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న మనిషి కేకైనా వేయకుండానే పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. గీజర్‌ను గది బయట, గాలి బాగా ఆడే చోట పెట్టించండి. అది జరిగేదాకా ఆ గీజర్ వాడొద్దు, నీళ్లు పొయ్యి మీద కాచుకోండి. ఆ అట్టముక్క మాత్రం ఇవాళే పీకేయండి.