పొట్టుకు ధర వచ్చాక పాత లెక్క చెల్లదు

కోనసీమ కొబ్బరి పీచుకు పర్యావరణ హితమన్న పేరు తేలిగ్గానే వచ్చింది. ఎలాగూ పారేసే డొక్కతో చేసిందే కదా అన్నది దానికి ఆధారం. ఆ మాట ఒకప్పుడు నిజం.

1953లో కాయిర్ (కొబ్బరి పీచు) పరిశ్రమ చట్టం వచ్చి కాయిర్ బోర్డు ఏర్పడేనాటికి విలువంతా పీచుదే. డొక్క బరువులో పీచు దాదాపు మూడో వంతు, మిగతాదంతా పొట్టు. చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ ఎక్కువ కావడంతో అది ఓ పట్టాన చివకదు. మిల్లుల వెనక గుట్టలుగా పేరుకుని, వాన పడితే ఎర్రటి నీరు కార్చేది. 1980ల తర్వాత విదేశీ తోటల పెంపకంలో పీట్ మట్టికి (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే మట్టికి) బదులుగా ఈ పొట్టు వాడకం పెరిగింది. ఇప్పుడది ఇటుకలుగా అచ్చుపోసి అమ్ముకునే సరుకు.

ఒక సరుకు పుట్టుక నుంచి పారేసేదాకా పర్యావరణంపై మోపే భారాన్ని లెక్కించడమే జీవితచక్ర మదింపు. 1997లో వచ్చిన ఐఎస్ఓ 14040, 2006లో వచ్చిన 14044 అనే అంతర్జాతీయ ప్రమాణాలు దానికి దారి చూపాయి. ఒకే పంట నుంచి రెండు సరుకులు వస్తే, వీలైనంతవరకు భారం పంచే అవసరమే లేకుండా చూడాలి. తప్పనప్పుడు భౌతిక సంబంధాన్ని బట్టి, అదీ కుదరకపోతే ధరను బట్టి పంచాలి. ఉదాహరణకు డొక్క తీసిన కాయ 20 రూపాయలు, డొక్క 1 రూపాయి పలికితే తోటలో వేసిన ఎరువు, మోటారు కరెంటు భారంలో 21వ వంతు డొక్కది. డొక్క ధర పెరిగితే వాటా పెరుగుతుంది. వ్యర్థమని సున్నా వేసిన పాత నివేదికలను ఇంకా చూపించడం సరికాదు.

అసలు చిక్కు ఉప్పు దగ్గర ఉంది. మంచినీటితో కడిగితే పొట్టులో విడిగా ఉన్న లవణాలే పోతాయి. దానికి అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం కదలవు. అలాగే నర్సరీకి పంపితే మొక్కకు వేసిన కాల్షియాన్ని పొట్టు పట్టేసుకుని, సోడియాన్ని వదులుతుంది. టమాటా కాయ అడుగు నల్లబడేది ఇలాంటి కాల్షియం కొరతతోనే. అందుకే కాల్షియం నైట్రేట్ నీటిలో నానబెట్టి, మళ్లీ కడుగుతారు. పరీక్షకు ఒక పాలు పొట్టు, ఒకటిన్నర పాళ్ల నీరు కొలిచి కలిపి, పిండిన నీటిలో ఈసీ మీటరు ముంచుతారు. నీటిలో కరిగిన ఉప్పు ఎంతో విద్యుత్ వాహకతను (ఈసీ) బట్టి అది చెబుతుంది. సెంటీమీటరుకు 0.5 మిల్లీసీమెన్స్ లోపు వస్తే బాగా కడిగినట్టే.

మరి ఆ కడిగిన నీరు ఎటు పోతోంది? కర్బనం లెక్క ఒక్కటే వేసే నివేదికలో ఈ ప్రశ్నకు చోటుండదు. డెల్టా చివరి భూములకు ఉప్పు కొత్త బెడద కాదు. కోనసీమలోని శంకరగుప్తం డ్రెయిన్ (మురుగు కాలువ) వెంట ఉప్పునీటికి కొబ్బరి తోటలే దెబ్బతిన్నాయి. అలాంటి డ్రెయిన్లలోకి లవణాలు, నైట్రేట్ కలిసిన నీటిని వదిలితే ఆ నష్టం కూడా ఇటుక ఖాతాలోకే రావాలి. పొట్టు బాగా ఎండేది వేసవిలో. కాలువలు కట్టేసి, కడగడానికి మంచినీరు కరువయ్యేదీ అప్పుడే. బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో దానితో ఎన్నిసార్లు కడిగినా ఈసీ దిగదు. కాబట్టి మిల్లును మదింపు చేసేవారు టన్ను పొట్టుకు ఎంత నీరు, ఏ నెలలో, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎక్కడికి వదిలారు అన్నవి మొదట అడగాలి.